యూట్యూబ్ గేమింగ్ ఛానెల్: రోజూ లైవ్ పెట్టినా ఆ ముగ్గురే చూస్తున్నారా..? అసలు తప్పు ఎక్కడ జరుగుతోందంటే..

చేతిలో ఫోన్ ఉంది. గేమ్ బాగా ఆడతారు. రోజూ రెండు గంటలు లైవ్ కూడా పెడుతున్నారు. అయినా వ్యూస్ కదలడం లేదు. తెలుగులో గేమింగ్ ఛానెల్ మొదలుపెట్టిన చాలామంది కుర్రాళ్ల పరిస్థితి ఇదే. కష్టం తక్కువై కాదు, ఆ కష్టం తప్పు చోట పడుతుండటం వల్లే ఇలా జరుగుతోంది. ఛానెల్ పెరగాలంటే ఏం చేయాలి? ఏ అడ్డదారి తొక్కితే ఛానెల్‌తో పాటు జీవితమూ చిక్కుల్లో పడుతుంది? పూర్తి వివరాలు ఇవిగో..

రాత్రి తొమ్మిదయింది. ఫోన్ చార్జింగ్‌లో ఉంది, గేమ్ ఆన్‌లో ఉంది, లైవ్ మొదలైంది. స్క్రీన్ మూలన "3 మంది చూస్తున్నారు" అని కనిపిస్తుంది. అందులో ఒకటి సొంత రెండో ఫోన్, ఇంకోటి పక్కింటి ఫ్రెండ్. మిగిలిన ఆ ఒక్కరు ఎవరో, వచ్చే పది నిమిషాల్లో ఉంటారో పోతారో తెలియదు. పదకొండింటికి లైవ్ ఆపేసి, "సబ్‌స్క్రైబ్ చేయండి బ్రో" అని వాట్సాప్ గ్రూపుల్లో లింక్ పెట్టి పడుకుంటారు. మర్నాడు మళ్లీ అదే కథ.

ఇలా ఆరు నెలలు చేసి విసిగిపోయిన వాళ్లు రెండు రకాలుగా మారతారు. కొందరు ఛానెల్ వదిలేస్తారు. మరికొందరు డబ్బులిచ్చి సబ్‌స్క్రైబర్లను కొంటారు, లేదంటే బెట్టింగ్ యాప్‌ల లింకులు పెట్టడం మొదలెడతారు. ఈ రెండో దారి మొదటిదానికంటే ప్రమాదం. అసలు సమస్య ఏంటో అర్థమైతే ఈ రెండింటి అవసరమూ ఉండదు.

ముందు లెక్క చూద్దాం

యాడ్స్ ద్వారా డబ్బు రావాలంటే యూట్యూబ్ పెట్టిన షరతు అందరికీ తెలిసిందే. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దానితో పాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌పై కోటి వ్యూస్ గానీ రావాలి. దీనికంటే ముందు ఇంకో మెట్టు కూడా ఉంది. 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో కనీసం 3 పబ్లిక్ అప్‌లోడ్స్, వీటితో పాటు ఏడాదిలో 3,000 గంటలు లేదా 90 రోజుల్లో 30 లక్షల షార్ట్స్ వ్యూస్ ఉంటే సూపర్ చాట్, మెంబర్‌షిప్ లాంటివి తెరుచుకుంటాయి. యాడ్స్ డబ్బు మాత్రం పై మెట్టు ఎక్కాకే.

ఇప్పుడు లైవ్ లెక్క వేయండి. రోజూ రెండు గంటలు లైవ్, సగటున ఐదుగురు చూస్తున్నారు అనుకుందాం. అంటే రోజుకు 10 గంటల వాచ్ టైమ్. ఏడాదంతా ఒక్కరోజు కూడా మానకుండా పెట్టినా 3,650 గంటలే. 730 గంటలు ఆడాక కూడా 4,000 దాటలేదు!

ఇంకో లెక్క చూడండి. వారానికి రెండు ఎడిట్ చేసిన వీడియోలు, ఒక్కోటి ఎనిమిది నిమిషాలు. చూసినవాళ్లు సగటున నాలుగు నిమిషాలు చూశారనుకుందాం. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. దాన్ని నాలుగుతో భాగిస్తే 60,000 వ్యూస్. ఏడాదికి 104 వీడియోలు కాబట్టి ఒక్కోదానికి సుమారు 580 వ్యూస్ వస్తే చాలు. వీడియో ఒకసారి పెడితే ఆరు నెలల తర్వాత కూడా వ్యూస్ వస్తూనే ఉంటాయి. ముగ్గురు చూసిన లైవ్‌ను మర్నాడు తెరిచి రెండు గంటలు చూసేవాళ్లు అరుదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయాలు రెండున్నాయి. షార్ట్స్ ఫీడ్‌లో వచ్చిన వాచ్ టైమ్ ఈ 4,000 గంటల్లో కలవదు. లైవ్ అయ్యాక ఆ వీడియోను ప్రైవేట్‌లో పెట్టినా, డిలీట్ చేసినా ఆ గంటలూ లెక్కలోకి రావు.

సబ్‌స్క్రైబర్ వేరు.. ఆడియన్స్ వేరు

ఊళ్లో కొత్తగా టిఫిన్ బండి పెట్టినాయన దగ్గరకు మొదటి రోజు బంధువులంతా వస్తారు. ఆ రోజు గల్లాపెట్టె నిండుతుంది. కానీ బండి నడిచేది బంధువులతో కాదు. నిన్న తిని, ఇవాళ మళ్లీ వచ్చి "అన్నా, అదే చట్నీ వేయి" అనే మనిషితో. గేమింగ్ ఛానెల్ కూడా అంతే.

మొహమాటానికి సబ్‌స్క్రైబ్ చేసిన బాబాయ్, అత్త, కాలేజీ సీనియర్.. వీళ్లెవరూ గేమ్ వీడియోలు చూడరు. వాళ్ల ఫోన్‌లో ఆ వీడియో కనిపించినా వేలితో పైకి తోసేస్తారు. యూట్యూబ్ ఒక వీడియోను ఎవరికి చూపించాలో తేల్చేది మనుషుల అలవాట్లను బట్టే. ఎవరు ఏం చూస్తున్నారు, ఎంతసేపు చూస్తున్నారు, దేన్ని దాటేస్తున్నారు అన్నది గమనిస్తుంది. కాబట్టి చూడని వెయ్యి మంది కంటే, ప్రతి వీడియో చూసే యాభై మంది ఛానెల్‌కు ఎక్కువ మేలు చేస్తారు.

యూట్యూబ్ స్టూడియో యాప్‌లో 'ఆడియన్స్' అనే విభాగం ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఎందరు, మళ్లీ వచ్చినవాళ్లు ఎందరు అన్నది అక్కడ కనిపిస్తుంది. చాలామంది రోజుకు ఇరవైసార్లు చూసేది సబ్‌స్క్రైబర్ల అంకెను. చూడాల్సింది మాత్రం ఈ 'మళ్లీ వచ్చినవాళ్ల' గీతను. అది నెలనెలా కొంచెమైనా పైకి వెళ్తుంటే ఛానెల్ బతికి ఉన్నట్టే.

ఒకే గేమ్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో మనకు తెలుసు

ఏ గేమ్ ఎంచుకోవాలి? ఇండియాలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు గతం గుర్తుచేసుకోవాలి. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్జీ మొబైల్ ఉంది. దాని స్థానంలో 2021 జూలైలో బీజీఎమ్ఐ వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌పై వేటు పడింది. అదే ఏడాది జూలై 28న బీజీఎమ్ఐ కూడా యాప్ స్టోర్ల నుంచి మాయమైంది. అది మళ్లీ తిరిగొచ్చింది 2023 మే చివర్లో. అంటే పది నెలల గ్యాప్.

ఆ పది నెలల్లో తేడా స్పష్టంగా బయటపడింది. "ఫలానా గేమ్ ఆడే ఛానెల్" అన్న గుర్తింపు మాత్రమే ఉన్నవాళ్లకు కాళ్ల కింద నేల కదిలింది. "ఫలానా అన్న ఏం ఆడినా చూస్తాం" అనిపించుకున్న వాళ్లు జీటీఏ, మైన్‌క్రాఫ్ట్, వాలరెంట్ అంటూ మారిపోయారు, ఆడియన్స్ వాళ్ల వెంటే వెళ్లారు.

అలాగని మొదటి రోజు నుంచే పది గేమ్‌లు ఆడేయమని కాదు. కొత్త ఛానెల్ సోమవారం బీజీఎమ్ఐ, మంగళవారం క్లాష్ ఆఫ్ క్లాన్స్, బుధవారం ఫుట్‌బాల్ గేమ్ పెడితే వచ్చినవాళ్లు కూడా నిలవరు. మొదటి మూడు నెలలు ఒకే గేమ్. గుర్తింపు మాత్రం గేమ్‌కు కాకుండా మీ గొంతుకు, మీ మాటతీరుకు రావాలి.

ఇంకో సంగతి. బాగా పేరున్న గేమ్‌లో పోటీ కూడా అంతే ఉంటుంది. అక్కడ "సూపర్ గేమ్‌ప్లే" అని వీడియో పెడితే పెద్ద ఛానెళ్ల కింద నలిగిపోతుంది. కాబట్టి పెద్ద గేమ్‌లో చిన్న మూల పట్టుకోవాలి.

జనం అడిగే ప్రశ్నకు జవాబు.. అదే మొదటి వీడియో

గేమ్‌ప్లే చూడటానికి కొత్త ఛానెల్‌కు ఎవరూ రారు. తమ ఇబ్బంది తీరుతుందంటే మాత్రం వస్తారు. ఉదాహరణకు తెలుగు కుర్రాళ్లలో చాలామంది ఆడేది ఖరీదైన ఫోన్లలో కాదు. 4 జీబీ ర్యామ్ ఫోన్‌లో గేమ్ ల్యాగ్ అవుతుంది, పది నిమిషాలకే వేడెక్కుతుంది, సరిగ్గా ఫైట్ టైమ్‌కు పింగ్ ఎర్రగా మారుతుంది. ఇవన్నీ నిజమైన ఇబ్బందులు.

ఈ రెండు టైటిల్స్ పోల్చి చూడండి.

ఒకటి: "ఈరోజు అదిరిపోయే గేమ్‌ప్లే.. తప్పక చూడండి."
రెండు: "4 జీబీ ర్యామ్ ఫోన్‌లో ల్యాగ్ తగ్గాలంటే ఈ 5 సెట్టింగ్స్ మార్చండి."

మొదటిది ఎవరూ వెతకరు. రెండోది రేపూ వెతుకుతారు, ఆరు నెలల తర్వాతా వెతుకుతారు. కొత్త అప్‌డేట్ వచ్చిన రోజు ఏం మారింది, కొత్త ఈవెంట్‌లో పాయింట్లు ఎలా వస్తాయి, ఏ గన్‌కు ఏ అటాచ్‌మెంట్, ఫోన్ అమ్మేముందు గేమ్ అకౌంట్ ఎలా సేఫ్ చేసుకోవాలి.. ఇలాంటివి తెలుగులో స్పష్టంగా చెప్పేవాళ్ల కోసం జనం చూస్తూనే ఉంటారు.

ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయి? యూట్యూబ్ సెర్చ్ బాక్స్‌లో గేమ్ పేరు కొట్టి ఆగండి. కింద వచ్చే సూచనలు జనం నిజంగా వెతుకుతున్నవే. పెద్ద ఛానెళ్ల కామెంట్లు చదవండి. "అన్నా, నాకు ఈ ఆప్షన్ రావట్లేదు" అని అడిగి జవాబు దొరకని కామెంట్ మీకు రెడీమేడ్ టాపిక్.

తెలుగువాళ్లకు ఇంకో చిట్కా. మనలో చాలామంది తెలుగు మాటలనే ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేస్తారు. అందుకే టైటిల్ తెలుగు లిపిలో పెడితే, గేమ్ పేరు, ముఖ్యమైన మాటలు డిస్క్రిప్షన్‌లో ఇంగ్లీష్ అక్షరాల్లోనూ రాయండి. రెండు రకాల సెర్చ్‌లోనూ దొరికే అవకాశం ఉంటుంది.

మొదటి 30 సెకన్లలోనే సగం ఆట

వీడియో మొదలైంది. పది సెకన్ల లోగో యానిమేషన్. తర్వాత "హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ బ్యాక్ టు అవర్ ఛానెల్, ఎలా ఉన్నారు, వీడియోలోకి వెళ్లే ముందు లైక్ చేయండి, షేర్ చేయండి, బెల్ కొట్టండి.." ఈ మాటలు అయ్యేసరికి చూసేవాడు వేరే వీడియోలో ఉంటాడు.

30 సెకన్ల దగ్గర ఇంకా ఎంత శాతం మంది మిగిలారో స్టూడియో యాప్ ప్రతి వీడియోకు చూపిస్తుంది. గీత మొదట్లోనే నిట్టనిలువుగా పడిపోతే తప్పు ఇంట్రోలో ఉన్నట్టే.

మరి ఎలా మొదలుపెట్టాలి? టైటిల్‌లో ఇచ్చిన మాటను మొదటి వాక్యంలోనే అందుకోవాలి. "ఇది నా పాత ఫోన్. నిన్నటిదాకా ఇందులో గేమ్ ఇలా ఆగి ఆగి నడిచేది. ఇప్పుడు చూడండి, ఇలా నడుస్తోంది. మార్చినవి ఐదే సెట్టింగ్స్. మొదటిది.." అంతే. పలకరింపులు తర్వాత కూడా చేసుకోవచ్చు.

థంబ్‌నెయిల్ దగ్గరా ఇదే సూత్రం. మన ఆడియన్స్ చూసేది ఫోన్‌లో. ఆ చిన్న బొమ్మలో పది మాటలు, నాలుగు ఫొటోలు ఇరికిస్తే ఏదీ కనిపించదు. ఒక బొమ్మ, మూడు నాలుగు మాటలు చాలు. తయారుచేశాక ఫోన్‌ను చేతి దూరంలో పెట్టి చూడండి. చదవగలిగితే ఓకే. వీడియో కనిపించిన ప్రతి వంద సార్లకు ఎన్నిసార్లు నొక్కారు అన్నదే క్లిక్ త్రూ రేట్. యూట్యూబ్ చెప్పే ప్రకారం సగం ఛానెళ్లకు ఇది 2 నుంచి 10 శాతం మధ్యే ఉంటుంది. కాబట్టి 4 శాతం వచ్చిందని దిగులు పడాల్సిన పనిలేదు. రేటు బాగుండి చూసే సమయం మరీ తక్కువుంటే మాత్రం అనుమానించాలి. థంబ్‌నెయిల్‌లో చెప్పింది వీడియోలో లేదని జనం తిట్టుకుని వెళ్లిపోతున్నారన్నమాట.

మైక్ ముందు.. మిగతావి తర్వాత

కెమెరా, రంగుల లైట్లు, గేమింగ్ చైర్.. ఇవేవీ మొదట అక్కర్లేదు. గేమింగ్ వీడియోలో మొహం లేకపోయినా నడుస్తుంది. దేశంలో అతిపెద్ద గేమింగ్ ఛానెళ్లలో ఒకటైన 'టోటల్ గేమింగ్' నడిపే అజ్జు భాయ్ ఏళ్ల తరబడి మొహం చూపించకుండా గొంతుతోనే కోట్లమందిని సంపాదించుకున్నారు. కానీ మాట వినపడకపోతే ఎవరూ ఉండరు. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, ఒక మామూలు కాలర్ మైక్ పెట్టుకుంటే చాలు. ఆండ్రాయిడ్ 10 తర్వాత వచ్చిన చాలా ఫోన్లలో గేమ్ లోపలి సౌండ్‌తో సహా స్క్రీన్ రికార్డ్ అవుతుంది. కంప్యూటర్ ఉంటే ఓబీఎస్ స్టూడియో ఉచితం.

ఇక భాష. పెద్ద హిందీ స్ట్రీమర్లను చూసి వాళ్ల డైలాగులు, వాళ్ల అరుపులు అరువు తెచ్చుకునేవాళ్లు చాలామంది. హిందీలో ఒరిజినల్ ఉండగా తెలుగులో నకలు ఎందుకు చూస్తారు? మీది వరంగల్ అయితే వరంగల్ మాటే మాట్లాడండి. భీమవరం అయితే ఆ యాసే రానివ్వండి. "ఏంట్రా మామా, ఆడ కూసున్నడు సూడు" అన్న ఒక్క మాటకు కామెంట్లలో నవ్వులు పూస్తాయి. ఒక్క జాగ్రత్త.. బూతులు మొదట్లో నవ్విస్తాయి. కానీ యాడ్స్‌కు అడ్డమవుతాయి, ఇంట్లో స్పీకర్ పెట్టుకుని చూసే ఆడియన్స్‌ను దూరం చేస్తాయి.

లైవ్ మానేయాలా? కాదు.. వాడుకోవాలి

లైవ్ కొత్తవాళ్లను తెచ్చే చోటు కాదు, వచ్చినవాళ్లను కట్టిపడేసే చోటు. వీడియో చూసి వచ్చిన మనిషి పేరు పెట్టి పలకరిస్తే, వాళ్ల ప్రశ్నకు అక్కడికక్కడే జవాబిస్తే, వాళ్లతో కలిసి ఒక మ్యాచ్ ఆడితే వాళ్లు మళ్లీ వస్తారు. అందుకే రోజూ లైవ్ కంటే వారానికి ఒకటి రెండు, అదీ ఒకే రోజు, ఒకే టైమ్‌కు మేలు. అమెరికాలోని తెలుగు కుర్రాళ్లు కూడా కావాలనుకుంటే ఆదివారం ఉదయం 8 గంటలకు పెట్టి చూడండి. న్యూజెర్సీలో అప్పటికి శనివారం రాత్రి.

ఫోన్‌లో యూట్యూబ్ యాప్ నుంచి లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. మొదటిసారి లైవ్ ఆప్షన్ ఆన్ కావడానికి 24 గంటల వరకు పట్టొచ్చు. 2025 జూలై 22 నుంచి సొంతంగా లైవ్ ఇచ్చేందుకు కనీస వయసు 16 ఏళ్లు చేశారు.

డేటా లెక్క కూడా వేసుకోండి. 720పీ క్వాలిటీలో, సెకనుకు 30 ఫ్రేమ్‌లతో లైవ్ ఇవ్వాలంటే యూట్యూబ్ సూచించేది 4 ఎంబీపీఎస్. రెండు గంటలకు సుమారు 3.6 జీబీ అప్‌లోడ్. రోజుకు 2 జీబీ ప్యాక్ మీద ఇది మధ్యలోనే ఆగిపోతుంది. స్పీడ్ టెస్ట్ చేసేటప్పుడు డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్ అంకె చూడాలి.

లైవ్ అయ్యాక అసలు పని మొదలవుతుంది. రెండు గంటల లైవ్‌లో నిజంగా పనికొచ్చేవి నాలుగైదు క్షణాలుంటాయి. చివరి జోన్‌లో ఒక్కడే మిగిలి గెలిచినది, ఫ్రెండ్ చేసిన వెర్రి పని, చాట్‌లో వచ్చిన మంచి ప్రశ్న. వాటిని కోసి ఒక ఎనిమిది నిమిషాల వీడియో, రెండు షార్ట్స్ చేస్తే ఆ కష్టం వారమంతా పనిచేస్తుంది.

షార్ట్స్ విషయంలో ఒక హెచ్చరిక. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ప్లే కావడం మొదలైతే చాలు, వ్యూగా లెక్కిస్తున్నారు. అందుకే అంకెలు భారీగా కనిపిస్తాయి. కానీ మానిటైజేషన్‌కు చూసేది 'ఎంగేజ్డ్ వ్యూస్'. షార్ట్‌లో సగం కథ చెప్పి, పూర్తి వీడియో లింక్ జత చేస్తేనే అటునుంచి ఇటు ఆడియన్స్ వస్తారు.

అడ్డదారులు.. ఛానెల్‌ను లోపలి నుంచి తినే పురుగులు

"నువ్వు నాకు చేయి, నేను నీకు చేస్తా" అనే సబ్ ఫర్ సబ్ యూట్యూబ్ రూల్స్‌కు విరుద్ధం. డబ్బులిచ్చి కొన్న సబ్‌స్క్రైబర్లను యూట్యూబ్ ఎప్పుడైనా తీసేయొచ్చు. తీసేయకపోయినా వాళ్లు వీడియో చూడరు. పైన చెప్పిన టిఫిన్ బండి బంధువుల కంటే అన్యాయం వీళ్లు.

లైవ్‌లో బ్యాక్‌గ్రౌండ్‌గా సినిమా పాటలు పెట్టడం మరో అలవాటు. కాపీరైట్ క్లెయిమ్ పడితే ఆ వీడియో ఆదాయం పాట హక్కుదారుకు వెళ్లొచ్చు, లైవ్ మధ్యలోనే ఆగొచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత మ్యూజిక్ బోలెడు ఉంది. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైక్స్ పడితే ఛానెలే పోవచ్చు. వేరేవాళ్ల క్లిప్పులు అతికించి, ఒకే మూసలో వందలు పెట్టే ఛానెళ్లకు మానిటైజేషన్ కష్టం. ఈ రూల్‌ను యూట్యూబ్ 2025 జూలై 15న మరింత స్పష్టం చేసింది. హ్యాక్‌లు, మోడ్ ఏపీకే లింకులు ఇచ్చేవాళ్లకూ స్ట్రైక్స్ ముప్పు తప్పదు. పైగా వాటిని నమ్మి డౌన్‌లోడ్ చేసిన పిల్లల ఫోన్లూ ప్రమాదంలో పడతాయి.

బెట్టింగ్ యాప్ ఆఫర్ వస్తే..?

ఛానెల్ కాస్త పెరగగానే టెలిగ్రామ్‌లో మెసేజ్ వస్తుంది. "బ్రో, వీడియో మొదట్లో 30 సెకన్లు మా యాప్ గురించి చెప్పు. లింక్ డిస్క్రిప్షన్‌లో పెట్టు. డబ్బులు అడ్వాన్స్." ఆరు నెలలుగా రూపాయి రాని కుర్రాడికి ఇది పెద్ద ఆశే. ఇక్కడే ఆగాలి.

తెలంగాణలో 2017 నుంచి, ఏపీలో 2020 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై నిషేధం ఉంది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రమోట్ చేశారన్న ఆరోపణలపై హైదరాబాద్‌లోని పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు సినీ తారలు, యూట్యూబర్లు, ఇన్‌ఫ్లుయెన్సర్లపై కేసులు పెట్టడం తెలిసిందే. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంట్ కొత్తగా ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. దాని ప్రకారం డబ్బు పందెం గేమ్‌లకు ప్రకటనలు ఇస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం ఈ చట్టం వేరుగా చూసి ప్రోత్సహిస్తుంది. అంటే బీజీఎమ్ఐ టోర్నమెంట్ గురించి వీడియో చేయడం వేరు, "వంద పెట్టు, వెయ్యి వస్తుంది" అని లింక్ ఇవ్వడం వేరు.

యూట్యూబ్ కూడా 2025 మార్చి 19 నుంచి గూగుల్ ఆమోదం లేని జూదం సైట్లకు ప్రేక్షకులను పంపే వీడియోలపై కఠినంగా ఉంటోంది. చట్టం సంగతి పక్కనపెట్టినా ఒకటి ఆలోచించాలి. గేమింగ్ వీడియోలు చూసేవాళ్లలో స్కూల్, ఇంటర్ పిల్లలు ఎక్కువ. "మా అన్న చెప్పాడు" అని నమ్మి అమ్మ ఫోన్‌పే నుంచి డబ్బు కొట్టేది వాళ్లే. ఆ నమ్మకం పోతే మళ్లీ రాదు.

ఇంకో వల మెయిల్‌లో వస్తుంది. "మా కొత్త గేమ్‌ను రివ్యూ చేయండి, అగ్రిమెంట్ జత చేశాం" అని ఒక ఫైల్ పంపుతారు. అది తెరిస్తే బ్రౌజర్‌లోని లాగిన్ వివరాలు దొంగలకు వెళ్లిపోతాయి. టూ స్టెప్ వెరిఫికేషన్ ఉన్నా ఈ పద్ధతిలో ఛానెల్ చేజారొచ్చు. స్పాన్సర్ పేరుతో ఏ ఫైల్ వచ్చినా డౌన్‌లోడ్ చేయొద్దు. ముందు ఆ కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో ఉన్న అడ్రస్‌కు మెయిల్ చేసి కనుక్కోండి.

డబ్బు ఎంత వస్తుంది? ఎప్పుడు వస్తుంది?

వీడియోలపై వచ్చే యాడ్స్ ఆదాయంలో క్రియేటర్‌కు 55 శాతం, షార్ట్స్‌లో తన వాటాకు వచ్చిన మొత్తంలో 45 శాతం దక్కుతుంది. సూపర్ చాట్, మెంబర్‌షిప్‌లలో 70 శాతం. యాడ్‌సెన్స్‌లో 10 డాలర్లు దాటాక ఇంటి అడ్రస్‌కు పిన్ లెటర్ వస్తుంది. 100 డాలర్లు నిండితేనే బ్యాంకులో పడతాయి. అమెరికాలో చూసిన వ్యూస్ ఆదాయంపై అక్కడి పన్ను ఉంటుంది. ట్యాక్స్ ఫారం నింపితే మన దేశంలోని వాళ్లకు అది 15 శాతం. నింపకపోతే మొత్తం ఆదాయం మీదే ఎక్కువ కోత పడొచ్చు. 18 ఏళ్లు నిండనివాళ్లు అమ్మానాన్నల పేరు మీద యాడ్‌సెన్స్ తెరవాలి. అంటే ఈ సంగతి ఇంట్లో దాచి చేసే పని కాదు.

కొత్త ఛానెల్‌కు మొదటి ఏడాది వచ్చే డబ్బుతో ఇల్లు నడవదు. కాబట్టి ఛానెల్ నమ్మి చదువు ఆపడం, ఈఎంఐలో ఖరీదైన ఫోన్ కొనడం తొందరపాటే అవుతుంది. ఉన్న ఫోన్‌తో, ఉన్న టైమ్‌లో మొదలుపెట్టొచ్చు.

90 రోజులు ఇలా చేసి చూడండి

మొదటి నెల: ఒక గేమ్ ఎంచుకుని, జనం అడిగే ఎనిమిది ప్రశ్నలకు ఎనిమిది వీడియోలు. లైవ్ వద్దు. ప్రతి వీడియోకు 30 సెకన్ల దగ్గర ఎంతమంది మిగిలారో ఒక పుస్తకంలో రాసుకోండి.

రెండో నెల: ఆ ఎనిమిదిలో బాగా నడిచిన రెండింటిని చూడండి. అలాంటివే ఇంకో ఎనిమిది. వారానికి ఒక లైవ్, ఒకే టైమ్‌కు. వచ్చిన ప్రతి కామెంట్‌కు జవాబు.

మూడో నెల: లైవ్ నుంచి కోసిన వీడియోలు, షార్ట్స్ కలపండి. మీ సైజులోనే ఉన్న ఇంకో తెలుగు ఛానెల్‌తో కలిసి ఒక మ్యాచ్ ఆడండి. 500 మంది సబ్‌స్క్రైబర్లు దాటితే 2025 జూలైలో ఇండియాకు వచ్చిన 'హైప్' బటన్ గురించి ప్రేక్షకులకు చెప్పండి. వీడియో పెట్టిన మొదటి ఏడు రోజుల్లో వాళ్లు హైప్ ఇస్తే చిన్న ఛానెళ్లకు కనిపించే అవకాశం పెరుగుతుంది.

తొంభయ్యో రోజున సబ్‌స్క్రైబర్ల అంకె చూడకండి. కామెంట్లు తెరవండి. మొదటి నెలలో కనిపించిన పేర్లు మూడో నెలలో కూడా ఉన్నాయా? "అన్నా, ఈ వారం వీడియో రాలేదేంటి?" అని ఒక్కరైనా అడిగారా? అడిగితే దారి సరైనదే, కొనసాగించండి. ఎవరూ అడగకపోతే గేమ్ కాదు, టాపిక్ మార్చండి, మొదలుపెట్టే తీరు మార్చండి, ఇంకో తొంభై రోజులు ప్రయత్నించండి.

లైవ్‌లో ముగ్గురు ఉన్నారని సిగ్గుపడాల్సిన పని లేదు. వచ్చే వారం కూడా ఆ ముగ్గురూ వస్తే, అక్కడి నుంచే ఛానెల్ మొదలైనట్టు.